బియ్యానికి బదులు ఖాతా: షరతులు ఎవరు రాస్తున్నారు?

(పుదుచ్చేరిలోని తేంగాయితిట్టులో తెలుగు విద్యార్థులు, స్థానిక మిత్రులు కలిసి జరిపిన అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తేంగాయితిట్టు అనే పేరు మొదటిసారి విన్న తెలుగువాళ్ళకు ఎవరినో తిడుతున్నట్టు ఉంటుంది. తమిళంలో తేంగాయ్ అంటే కొబ్బరికాయ, తిట్టు అంటే నీళ్ళ పక్కన మెరకగా ఉన్న నేల. మన భాషలో కొబ్బరి దిబ్బ అనుకోవచ్చు. ఇప్పుడు ఈ చోటు చేపల రేవుకే ఎక్కువ పేరు. పడవల మీద వేటకు వెళ్ళేవాళ్ళు, ఐసు మోసేవాళ్ళు, గంపల్లో చేపలు అమ్మే ఆడవాళ్ళు, తెల్లారకముందే వీధులు ఊడ్చేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల బతుకుతున్నారు. పుదుచ్చేరి షెడ్యూల్డ్ కులాల జాబితా తీసి చూడండి. ఆది ద్రావిడ, పరైయన్ పేర్ల పక్కనే ఆది ఆంధ్ర, మాల, మాదిగ పేర్లు కూడా ఉంటాయి. కాబట్టి ఇక్కడ తెలుగులో మాట్లాడటం అతిథిగా వచ్చి మాట్లాడటం కాదు.

మాది యానాం. కాలాపేటలో పీహెచ్‌డీ చేస్తున్నాను. సంక్షేమ పథకాల డబ్బు బ్యాంకు ఖాతాల ద్వారా పేదలకు చేరే పద్ధతి మీద నా పరిశోధన. నిర్వాహకులు నాకిచ్చిన విషయం "బ్యాంకు ఖాతాల్లో మార్పులు, పేదల మీద వాటి ప్రభావం". వినడానికి ఇది బ్యాంకు గోడమీద అంటించిన నోటీసులా ఉంటుంది. ఎవరూ ఆగి చదవరు. కాని పుదుచ్చేరిలో ఈ విషయం నేరుగా అన్నం కంచం దగ్గరికి వస్తుంది. ఎలా వస్తుందో మొదటి నుంచి చెప్తాను.

మంగళం ఊరు, ఒక మాట

2005 నవంబరులో రిజర్వు బ్యాంకు దేశంలోని బ్యాంకులన్నిటికీ ఒక సూచన ఇచ్చింది. నిల్వ లేకుండా, లేదా చాలా తక్కువ నిల్వతో నడిచే ఖాతాలు తెరవమని చెప్పింది. వాటికి "నో ఫ్రిల్స్" ఖాతాలని పేరు పెట్టారు. హంగులు లేని ఖాతా అన్నమాట. దాన్ని ముందుగా అమలు చేసి చూసింది ఈ పుదుచ్చేరిలోనే. అప్పుడు ఇండియన్ బ్యాంకు ఛైర్మన్‌గా కె.సి. చక్రబర్తి ఉన్నారు. తర్వాత ఆయన రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్ కూడా అయ్యారు. ఆయన హయాంలో ఇక్కడ మంగళం అనే ఊళ్ళో ఇంటింటికీ బ్యాంకు ఖాతా ఇచ్చారు. దేశంలో ప్రతి ఇంటికీ బ్యాంకు అందిన మొదటి ఊరు మంగళం అని పోటీ పరీక్షలకు చదివినవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది.

దీన్ని నేను చిన్నచూపు చూడను. బ్యాంకు గడప తొక్కడానికి ఎవరో పెద్దమనిషి హామీ సంతకం కావలసిన రోజులు మన తాతలు చూశారు. 1969లో 14 బ్యాంకులను, 1980లో ఆంధ్రా బ్యాంకుతో సహా మరో 6 బ్యాంకులను జాతీయం చేశాక కూడా మన వాడల్లో పాస్‌బుక్ ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. ఆ గోడకు మంగళం దగ్గర ఒక తలుపు పెట్టారు.

2012 ఆగస్టులో రిజర్వు బ్యాంకు నో ఫ్రిల్స్ అనే పేరు తీసేసి "బేసిక్ సేవింగ్స్ బ్యాంకు డిపాజిట్ ఖాతా" అని పేరు పెట్టింది. పేరు మార్చడానికి కారణం ఉంది. "హంగులు లేనిది" అంటే పేదవాళ్ళ ఖాతా అని ముద్ర పడుతోంది. ఇది ఎవరైనా తెరవగల మామూలు సేవ అని చెప్పదలచుకున్నారు. నిల్వ ఎంత ఉండాలన్న షరతు లేదు. నెలకు 4 సార్లు డబ్బు తీసుకోవచ్చు. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ యోజన వచ్చింది. ఆ ఖాతాలు 2023 నాటికి 50 కోట్లు దాటాయి. సగానికి పైగా ఆడవాళ్ళ పేరుమీద ఉన్నాయి.

ఇక్కడిదాకా కథ బాగుంది. 2005లో ఇచ్చిన మాట ఒక్కటే: నీ దగ్గర డబ్బు లేకపోయినా నీకు ఖాతా ఉంటుంది. ఆ తర్వాత ఆ ఖాతా మీద ఎంత బరువు పెట్టారో చూడాలి.

రేషన్ షాపు స్థానంలో ఖాతా

2015 సెప్టెంబరులో పుదుచ్చేరి, చండీగఢ్ కేంద్రపాలిత ప్రాంతాల్లో ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే ధాన్యం బదులు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. రేషన్ షాపులో బియ్యం ఇవ్వరు. దానికి సరిపడా అని ప్రభుత్వం లెక్కగట్టిన డబ్బు ఇంటి ఆడమనిషి ఖాతాలో వేస్తారు. మా యానాం కూడా ఇందులోనే. చుట్టూ ఆంధ్రప్రదేశ్. అవతలి ఊళ్ళో తెల్లకార్డు మీద బియ్యం తూకం వేసి ఇస్తుంటే, ఇవతల మా ఊళ్ళో పాస్‌బుక్ ఎంట్రీ కోసం చూడాలి. ఆ పాస్‌బుక్‌లో తేడా వస్తే తేల్చే పెద్ద ఆఫీసు 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఈ పుదుచ్చేరి పట్టణంలో ఉంది.

ఈ పద్ధతి ఎలా నడుస్తోందో నీతి ఆయోగ్ కోసం జె-పాల్ సంస్థకు చెందిన పరిశోధకులు 2016, 2017ల్లో పరిశీలించారు. విద్యార్థులు తప్పకుండా చదవాల్సిన పని అది. ప్రభుత్వ లెక్కల్లో విఫలమైన బదిలీలు 1 శాతం కన్నా తక్కువ. ఇంటింటికీ వెళ్ళి అడిగితే సుమారు అయిదుగురిలో ఒకరు తమకు డబ్బు అందలేదన్నారు. కంప్యూటర్ "జమ అయింది" అంటుంది, మనిషి "రాలేదు" అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పకపోవచ్చు. డబ్బు వాళ్ళు రోజూ వాడని ఖాతాలో పడి ఉండొచ్చు. పడినట్టు తెలియకపోవచ్చు. పడ్డాక మరేదో చార్జీ కింద పోయి ఉండొచ్చు.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. అదే పరిశీలనలో, కాలం గడిచే కొద్దీ డబ్బే నయమన్నవాళ్ళ సంఖ్య పెరిగింది. కాబట్టి బియ్యమా డబ్బా అన్న వాదనలో ఈ రోజు నేను తీర్పు ఇవ్వను. ఆ వాదన ఇక్కడ ముఖ్యమంత్రికీ లెఫ్టినెంట్ గవర్నరుకూ మధ్య గొడవై మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళింది. 2024 అక్టోబరులో, దీపావళికి ముందు, పుదుచ్చేరిలో రేషన్ షాపులు మళ్ళీ తెరిచి ఉచిత బియ్యం, పంచదార ఇచ్చారు. ఏళ్ళ తరబడి జనం అడిగితే జరిగిన పని అది.

నాకు కావలసిన విషయం వేరే. రేషన్ షాపు ఉన్నప్పుడు దాని షరతులు చట్టంలో ఉండేవి. ఎన్ని కిలోలు, ఏ ధరకు, ఎవరికి అన్నది శాసనసభలో, పార్లమెంటులో చర్చకు వచ్చేది. తూకంలో కిలో తగ్గితే డీలరు మీద ఫిర్యాదు చేయొచ్చు. నలుగురు చేరి షాపు ముందు కూర్చోవచ్చు. షాపు స్థానంలో ఖాతా వచ్చాక, ఆ ఖాతా షరతులు ఒక బ్యాంకు బోర్డు సమావేశంలో మారతాయి. తెల్లారి ఎస్సెమ్మెస్ వస్తుంది, అదీ ఇంగ్లీషులో. కిలో తగ్గించిన డీలరు ఎదురుగా కనిపిస్తాడు. ఖాతాలో 50 రూపాయలు తగ్గితే ఎవరి ముందు కూర్చోవాలి?

సగటు అనే లెక్క

మినిమం బ్యాలెన్స్ సంగతి చూద్దాం. చాలామంది దీన్ని "ఖాతాలో ఎప్పుడూ కొంత ఉంచాలి" అని అర్థం చేసుకుంటారు. ఎక్కువ బ్యాంకులు చూసేది నెలసరి సగటు. ప్రతి రోజూ ముగిసేసరికి ఖాతాలో ఎంత ఉందో కూడి, నెలలో రోజులతో భాగిస్తారు.

ఇద్దరు మనుషుల్ని తీసుకుందాం. ఒకరు రిటైరైన ఉద్యోగి. 3,000 రూపాయలు ఖాతాలో వదిలేసి నెలంతా ముట్టుకోలేదు. ఆయన సగటు 3,000. రెండో మనిషి ఈ రేవులో చేపలమ్మే అక్క అనుకోండి. ఆమె ఖాతాలోకి నెలలో మూడుసార్లు 3,000 చొప్పున మొత్తం 9,000 వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ మర్నాడే తీసి సరుకుకీ, అప్పుకీ, ఇంటికీ కట్టేసింది. మూడు రోజులు మాత్రమే ఆ ఖాతాలో రాత్రిపూట డబ్బు ఉంది. 9,000ని 30తో భాగిస్తే ఆమె సగటు 300. ఆయనకన్నా మూడింతల డబ్బు ఆమె ఖాతాలో తిరిగింది. సగటు పదోవంతే తేలింది. జరిమానా ఆమెకు పడుతుంది.

ఈ లెక్క డబ్బు ఉన్నదా అని చూడదు, డబ్బు కదలకుండా నిద్రపోయిందా అని చూస్తుంది. రోజు కూలీ డబ్బుకు నిద్ర ఎక్కడిది? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ కాలానికి ప్రభుత్వం ఇచ్చే సాయం కూడా ఖాతాలోనే పడుతుంది. పని లేని ఆ రెండు నెలల్లోనే సగటు కిందికి జారుతుంది. అంటే ఎప్పుడు చేతిలో ఏమీ ఉండదో అప్పుడే జరిమానా పడే పద్ధతి ఇది.

"బేసిక్ ఖాతాలకు, జన్‌ధన్ ఖాతాలకు మినిమం బ్యాలెన్స్ లేదు కదా" అని బ్యాంకులు అంటాయి. నిజమే, లేదు. కాని పేదవాళ్ళందరి ఖాతాలూ ఆ రకానివి కావు. 2014కు ముందే గ్యాస్ కోసమో, పొదుపు సంఘం కోసమో, కాంట్రాక్టరు జీతం వేయడానికో తెరిచిన ఖాతాలు మామూలు సేవింగ్స్ ఖాతాలు. పేదరికం మనిషికి ఉంటుంది, మినహాయింపు ఖాతా రకానికి ఉంటుంది. ఆ రెండూ కలవని చోట జరిమానా పుడుతుంది.

స్టేట్ బ్యాంకు ఉదాహరణ చూడండి. 2012లో మినిమం బ్యాలెన్స్ జరిమానా ఎత్తేసింది. 2017 ఏప్రిల్ 1న మళ్ళీ పెట్టింది. అదే రోజున స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ సహా అనుబంధ బ్యాంకులు అందులో కలిసిపోయాయి. మహానగరాల్లో 5,000 ఉండాలన్నారు. గొడవయ్యాక 2017 అక్టోబరులో 3,000కు తగ్గించారు. 2017 ఏప్రిల్ నుంచి నవంబరు దాకా 8 నెలల్లో ఈ జరిమానాల కింద వచ్చింది 1,771 కోట్ల రూపాయలు. ఆ ఏడాది జులై-సెప్టెంబరు త్రైమాసికంలో ఆ బ్యాంకు లాభం 1,581 కోట్లు. 2017 ఏప్రిల్, 2018 జనవరి మధ్య నిల్వ లేదన్న కారణంతో 41.16 లక్షల ఖాతాలు మూసేశామని సమాచార హక్కు కింద అడిగితే చెప్పింది. 2018 ఏప్రిల్‌లో జరిమానా గరిష్ఠంగా 50 నుంచి 15 రూపాయలకు తగ్గింది. 2020 మార్చిలో పూర్తిగా ఎత్తేశారు.

ఎనిమిదేళ్ళలో తీసేయడం, పెట్టడం, తగ్గించడం, మళ్ళీ తీసేయడం. ప్రతిసారీ నిర్ణయం బ్యాంకుదే. ఆ మధ్యలో పోయిన ఖాతాలు ఎవరివో వాళ్ళను ఒక్కసారీ ఎవరూ అడగలేదు.

2024 జులైలో లోక్‌సభకు ఇచ్చిన జవాబు ప్రకారం ప్రభుత్వ రంగ బ్యాంకులు 2019-20 నుంచి 2023-24 దాకా అయిదేళ్ళలో కనీస నిల్వ లేదని వసూలు చేసింది దాదాపు 8,500 కోట్లు. ప్రభుత్వ రంగ బ్యాంకులకు అయిదు పెద్ద ప్రైవేటు బ్యాంకులను కూడా కలిపి, 2018 నుంచి వసూలైంది 21,000 కోట్లకు పైగా అని 2023 ఆగస్టులో రాజ్యసభకు చెప్పారు. మన ఎస్సెమ్మెస్‌లకు కట్టిన చార్జీలు ఇంకో 6,000 కోట్లకు పైగా ఉన్నాయి. డబ్బు పోయిందని చెప్పే కబురుకు కూడా మనమే డబ్బు కట్టాం.

17 రూపాయల 70 పైసలు

బేసిక్ ఖాతా ఉన్నవాళ్ళైనా క్షేమమా? ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆశిష్ దాస్ ఏళ్ళ తరబడి ఈ చార్జీల మీద పనిచేస్తున్నారు. బేసిక్ ఖాతాలో నెలకు 4 సార్లు మించి డబ్బు తీస్తే, ఆ పైన ప్రతి లావాదేవీకి స్టేట్ బ్యాంకు 17 రూపాయల 70 పైసలు వసూలు చేసిందని ఆయన బయటపెట్టారు. 15 రూపాయలు చార్జీ, దానిమీద 18 శాతం జీఎస్టీ. యూపీఐలో చేసినా అంతే. 20 రూపాయల టీ, బన్ను ఫోన్‌తో కడితే చార్జీ 17.70. 2015 నుంచి 2020 దాకా సుమారు 12 కోట్ల బేసిక్ ఖాతాల నుంచి 300 కోట్లకు పైగా ఇలా వచ్చిందని ఆయన లెక్క.

రిజర్వు బ్యాంకు నిబంధనలకు లోబడే, ముందుగా తెలియజేసే వసూలు చేశామని బ్యాంకు అంది. 2020 ఆగస్టులో ప్రత్యక్ష పన్నుల బోర్డు, ఆ ఏడాది జనవరి 1 తర్వాత డిజిటల్ చెల్లింపుల మీద పట్టుకున్న డబ్బు వెనక్కి ఇవ్వమని బ్యాంకులకు చెప్పింది. అంతకుముందు 2017 ఏప్రిల్, 2019 డిసెంబరు మధ్య వసూలైన దానిలో 164 కోట్లు ఇంకా వాపసు కాలేదని 2021 చివర్లో దాస్ మళ్ళీ రాశారు.

ఒక ఆచార్యుడు లెక్కలు వేయకపోతే ఈ 17.70 ఎవరికీ కనిపించేది కాదు. ఎందుకంటే అది ఒక్కో మనిషి దగ్గర ఫిర్యాదు చేసేంత పెద్దది కాదు. బ్యాంకుకు వెళ్ళి అడగాలంటే సగం రోజు కూలి పోతుంది. 17 రూపాయల కోసం 300 వదులుకునేవాళ్ళు ఉండరు. ఈ చార్జీ బతికింది ఆ లెక్క మీదే.

ఖాతా చిరునామా మారినప్పుడు

జరిమానా ఒక్కటే మార్పు కాదు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. బ్యాంకు కలిసినప్పుడు ఐఎఫ్‌ఎస్‌సీ మారుతుంది, చెక్కుబుక్కు చెల్లదు, పాస్‌బుక్ మారుతుంది. జీతం వచ్చే ఉద్యోగికి ఇది ఒక మధ్యాహ్నం పని. ఉపాధి హామీ కూలీకి, స్కాలర్‌షిప్ విద్యార్థికి, వితంతు పెన్షన్ తీసుకునే పెద్దమ్మకు ఇది నాలుగు ఆఫీసులు. ప్రతి పథకం దగ్గరా ఆ నంబరు విడివిడిగా మార్చుకోవాలి.

ఆధార్ ద్వారా వచ్చే డబ్బుది ఇంకో దారి. మీ ఆధార్‌కు చివరగా ఏ ఖాతాను అనుసంధానం చేశారో డబ్బు అక్కడికి వెళ్తుంది. 2017లో ఎయిర్‌టెల్ సిమ్ కార్డు ధ్రువీకరణ కోసం వేలిముద్ర వేసిన లక్షలమందికి, వాళ్ళకు తెలియకుండానే, ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచారు. గ్యాస్ సబ్సిడీ ఆ కొత్త ఖాతాల్లోకి మళ్ళింది. ఆధార్ సంస్థ ఆ కంపెనీ ఈ-కేవైసీని కొంతకాలం ఆపేసింది. 2018 మార్చిలో రిజర్వు బ్యాంకు 5 కోట్ల జరిమానా వేసింది. ఒక్క వేలిముద్రతో ఇంటి సబ్సిడీ చిరునామా మారిపోగలదని ఆ రోజు దేశం చూసింది.

ఇక కేవైసీ. 2014, 2015ల్లో తెరిచిన జన్‌ధన్ ఖాతాలకు పదేళ్ళు నిండాయి. మళ్ళీ కాగితాలు ఇవ్వాలి. 2025 జులై నుంచి సెప్టెంబరు దాకా పంచాయతీల్లో దీనికోసం శిబిరాలు పెట్టారు. అది మంచి పనే. కాని శిబిరం రోజున ఊళ్ళో లేనివాళ్ళు ఎవరు? వలస కూలీలు. వేలిముద్ర అరిగిపోయినవాళ్ళు ఎవరు? జీవితమంతా చేతులతో పనిచేసినవాళ్ళు.

విద్యార్థులకు దగ్గరి ఉదాహరణగా నా ఖాతా గురించి చెప్తాను. ఇంటర్‌లో స్కాలర్‌షిప్ కోసం జీరో బ్యాలెన్స్ అని చెప్పి తెరిపించిన ఖాతా, చదువు మారాక మామూలు ఖాతాగా మారింది. ఆ కబురు ఇంగ్లీషులో నాన్న పాత ఫోన్ నంబరుకు వెళ్ళింది. ఎంఏలో మొదటి విడత డబ్బు పడిన రోజే పాత బాకీల పేరుతో 800 పైచిలుకు రూపాయలు పోయాయి. కౌంటర్ దగ్గర నాకు దొరికిన సమాధానం "సిస్టమ్ తీసుకుంది" అని. సిస్టమ్‌కు సంతకం ఉండదు, పేరు ఉండదు, అప్పీలు ఉండదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి ఇలాంటి అనుభవం ఉందో మీ ముఖాలే చెప్తున్నాయి.

షెడ్యూల్డ్ కులాల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం. ఇప్పుడు అది నేరుగా విద్యార్థి ఖాతాలోకి వస్తుంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం అయిదేళ్ళకు 59,048 కోట్లతో ఆ పథకాన్ని సవరించినప్పుడు తీసుకున్న నిర్ణయం అది. కాలేజీ యాజమాన్యం చేతుల మీదుగా పోకుండా విద్యార్థికే అందడం మనం కోరుకున్నదే. అందుకే ఆ ఖాతా ఎవరి దయ మీదా ఉండకూడదు.

ఖాతాదారు ఎవరు?

బ్యాంకులు చెప్పే వాదన ఒకటుంది. ఖాతా నడపడానికి ఖర్చవుతుంది, ఊరికే ఎలా ఇస్తాం? దీనికి జవాబు 2025లో బ్యాంకులే ఇచ్చాయి. కెనరా బ్యాంకు, ఇండియన్ బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా ఒకదాని వెంట ఒకటి కనీస నిల్వ జరిమానాలు తీసేశాయి. అంటే అవి లేకుండా నడపొచ్చన్నమాట. అదే ఏడాది ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు మహానగరాల్లో కొత్త ఖాతాలకు 50,000 సగటు నిల్వ ఉండాలంది. విమర్శలు వచ్చాక 15,000కు దించింది. ఆ గొడవ జరుగుతుండగా రిజర్వు బ్యాంకు గవర్నర్, కనీస నిల్వ ఎంతన్నది బ్యాంకుల ఇష్టమని, అది తమ నియంత్రణలోకి రాదని చెప్పారు. ఆ మాట అన్నది గుజరాత్‌లో అందరికీ బ్యాంకు సేవలు అందించే కార్యక్రమంలో.

నిజంగా ఇది బ్యాంకుకూ ఖాతాదారుకూ మధ్య ఒప్పందమే అయితే ఆయన మాట సరే. నచ్చకపోతే ఖాతా మార్చుకో అనొచ్చు. కాని బియ్యం డబ్బు కోసం, పెన్షన్ కోసం, స్కాలర్‌షిప్ కోసం ఖాతా తెరవమన్నది రాజ్యం. ఆ మనిషి బ్యాంకును వెతుక్కుంటూ వెళ్ళలేదు. ఖాతా లేకపోతే హక్కు చేతికి రాదని చెప్తే వెళ్ళింది. రాజ్యం బలవంతం మీద తెరిచిన ఖాతాకు మార్కెట్ షరతులు వర్తిస్తాయనడం ఎక్కడి న్యాయం?

చట్టంలో ఒక విచిత్రం చూడండి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్, కూలీలకు, ఇంటి పనివాళ్ళకు రావలసిన కూలిని అప్పు కింద జప్తు చేయకూడదంటుంది. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో, షావుకారు కోర్టుకు వెళ్ళి డిక్రీ తెచ్చుకున్నా అది ముట్టరానిది. కోర్టు కూడా పట్టుకోలేని కూలి డబ్బును, ఖాతాలో పడ్డాక, ఏ విచారణా లేకుండా ఒక సాఫ్ట్‌వేర్ కోసుకుంటోంది.

బాబాసాహెబ్‌ను మనం రాజ్యాంగ నిర్మాతగా తలుచుకున్నంతగా ఆర్థికవేత్తగా తలుచుకోం. 1923లో ఆయన రూపాయి సమస్య మీద పుస్తకం ప్రచురించారు. 1925లో కరెన్సీ మీద వేసిన రాయల్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. రూపాయి విలువ తగ్గితే ఎగుమతిదారుకు లాభమని వ్యాపారులు వాదిస్తున్న కాలం అది. ధరలు ముందు పెరిగి, కూలి రేట్లు వెనక ఈడ్చుకుంటూ వస్తాయి కాబట్టి ఆ లాభం కూలివాడి నష్టం నుంచి వస్తుందని ఆయన చూపించారు. చూడటానికి ఎవరి పక్షమూ లేనట్టున్న ద్రవ్య నియమం కింద బరువు ఎవరు మోస్తున్నారో అడగడం ఆయన మనకు నేర్పిన పద్ధతి. సగటు నిల్వ కూడా అలాంటి నియమమే. అందులో కులం పేరు ఎక్కడా ఉండదు. భూమీ, మిగులు డబ్బూ తరాలుగా ఎవరి దగ్గర ఉన్నాయో, ఎవరి దగ్గర లేవో మాత్రం అది ప్రతి నెలాఖరుకూ లెక్క తీస్తుంది.

ఏం అడగాలి, ఏం చేయాలి

నా వాదన ఒక్క వాక్యంలో చెప్తాను. ఏ ఖాతా ద్వారా ప్రభుత్వం హక్కుగా ఇచ్చే డబ్బు వస్తుందో, ఆ ఖాతా షరతు మార్చడం ఆ హక్కు షరతును మార్చడమే. కాబట్టి దానికి చట్టం రక్షణ కావాలి.

దీని నుంచి నాలుగు డిమాండ్లు వస్తాయి. ఒకటి, ప్రభుత్వ డబ్బు ఒక్కసారి పడినా ఆ ఖాతా దానంతటదే బేసిక్ రకంగా మారాలి. దరఖాస్తు చేసుకోవాల్సిన భారం మనిషి మీద ఉండకూడదు. రెండు, ఆ డబ్బు నుంచి ఏ చార్జీ కోసినా నెల ముందు ఖాతాదారు భాషలో కబురు అందాలి. తేంగాయితిట్టులో తమిళం, యానాంలో తెలుగు. చదవలేనివాళ్ళకు ఫోన్‌లో గొంతుతో చెప్పాలి. మూడు, ఖాతా ఆగిపోయినా, విలీనమైనా, కేవైసీ మిగిలిపోయినా, ఆ కాలంలో హక్కు ఆగకూడదు. బియ్యమో నగదో చేతికి అందే ఇంకో దారి తెరిచి ఉండాలి. నాలుగు, జరిమానాల లెక్క సామాజిక వర్గాల వారీగా, జిల్లాల వారీగా ప్రతి ఏడాదీ ప్రచురించాలి.

ఇవి వచ్చేదాకా చేతిలో ఉన్నవి వాడుకోవాలి. 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, నిల్వ తగ్గితే బ్యాంకు ముందు తెలియజేయాలి, సరిచేసుకోవడానికి నెల సమయం ఇవ్వాలి. జరిమానా వల్ల ఖాతా సున్నా కిందికి పోకూడదు. మామూలు ఖాతాను బేసిక్ ఖాతాగా మార్చమని అడగొచ్చు. అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా మాత్రం ఉండకూడదు. 2019 జులై నుంచి బేసిక్ ఖాతాకు ఏటీఎం కార్డు ఉచితం, డబ్బు వేయడానికి పరిమితి లేదు. 2024 ఏప్రిల్ నుంచి, రెండేళ్ళు వాడక నిద్రాణంగా మారిన ఖాతాలకు కనీస నిల్వ జరిమానా వేయకూడదు. స్కాలర్‌షిప్, ప్రభుత్వ పథకాల డబ్బు కోసం తెరిచిన ఖాతాలను వాడకం లేదని ఆపకూడదు. బ్యాంకుకు రాసి ఇచ్చి 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా జవాబు సరిగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చు లేదు. వివరాలకు 14448 నంబరు ఉంది.

విద్యార్థి మిత్రులకు ఒక పని అప్పజెప్తున్నాను. వచ్చే నెల నుంచి మీ వాడలో, మీ హాస్టల్లో పది పాస్‌బుక్‌లు తీసి చూడండి. ఖాతా ఏ రకమో, ఏడాదిలో ఏయే పేర్లతో ఎంత పోయిందో, ఎవరి డబ్బు ఎక్కడ ఆగిందో రాయండి. పేర్లు వద్దు, అంకెలు చాలు. ఆశిష్ దాస్ కాగితాల్లోంచి తీసిన లెక్కను మనం వాడల్లోంచి తీయాలి. ఒక్కొక్కరి 17 రూపాయలు ఫిర్యాదుకు చాలవు. ఒక వీధి మొత్తం కలిపితే చాలతాయి. ఆ కాగితాలు పట్టుకుని ముందు బ్యాంకు మేనేజరు దగ్గరికి, తర్వాత అంబుడ్స్‌మన్ దగ్గరికి, ఆ తర్వాత శాసనసభ్యుల దగ్గరికి వెళ్దాం. రేషన్ షాపులు తెరిపించుకున్న ఊరు ఇది. ఇది కూడా అడిగి సాధించుకోగలదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. తమిళంలో అడిగినా సరే.

జై భీమ్.